మూడు గుండెల వేగం

పొదిలి ఇంకా కాస్త దూరం ఉందనగా గొర్రెల మంద ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. బండి దానంతట అదే నెమ్మదించి మంద వెనకాలే నడవసాగింది. ముందు అద్దం కింద వెలుగుతున్న వాటాపలక మీద అరవై అంకె చెరిగిపోయి పన్నెండు వచ్చింది.

"ఎంత చూపిస్తోందక్కా?" వెనక సీట్లో తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకున్న చక్రపాణి అడిగాడు.

"పన్నెండు," అంది హైమవతి.

"నూట నలభై పోవాల్సిన బండి. గొర్రెల దగ్గర కూలికి కుదిరింది."

"నవ్వమాకు అబ్బయ్యా, దగ్గొస్తది," అంది వాళ్ళ అమ్మ సీతారావమ్మ. అతని ముక్కు దగ్గర ప్రాణవాయువు గొట్టం సరిచేసింది.

చక్రపాణి నవ్వాడు. దగ్గు వచ్చింది. మంద మొత్తం దాటాక, వెనకబడిన పిల్ల ఒకటి గంతులేసుకుంటూ వెళ్ళేదాకా కూడా ఆగి, బండి మళ్ళీ అరవై అందుకుంది.

హైమవతి మార్కాపురం హైస్కూల్లో సామాన్యశాస్త్రం చెబుతుంది. గుండెదారి పాఠం ఏటా చెప్పేదే. అయినా ఇలా బండి ఆగినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు గగుర్పొడుస్తూనే ఉంటుంది. రోడ్డు కింద వెంట్రుక మందంలో స్పందనరేఖ ఒకటి పరుచుకుని ఉంది. బండిలో కూర్చున్న వాళ్ళ గుండెలను, దారికి అటూ ఇటూ తిరుగుతున్న ప్రతి ప్రాణి గుండెనూ అది వింటుంది. విని బండికి వేగవాటా ఇస్తుంది. దారి ఖాళీగా ఉండి, బండిలో ఒక్కరే ఉంటే గంటకు నూట నలభై కిలోమీటర్లు. ఇద్దరుంటే తొంభై. ముగ్గురుంటే అరవై. ఆపైన ఎంతమంది ఉన్నా నలభై అయిదు. ఎక్కువ ప్రాణాలను మోసే బండి ఎక్కువ జాగ్రత్తగా పోవాలన్నదే సూత్రం. దారి పక్కన ముంగిస కనిపించినా బండి జోరు తగ్గుతుంది. వాటా ఎంతో వెనక వచ్చే వాళ్ళకు తెలియడానికి బండి వెనక భాగాన కూడా ఆ అంకె వెలుగుతూ ఉంటుంది.

రోడ్డు మీద బండి గుద్ది మనిషి చనిపోవడం ఆమె విద్యార్థులకు తెలియదు. అది వాళ్ళకు పూర్వచరిత్ర. "ఎదురుగా మనిషి నిలబడి ఉంటే అప్పటి బండ్లకు నిజంగానే తెలిసేది కాదా టీచర్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. తెలిసేది కాదని ఆమె చెబుతుంది.

ఆ ఉదయం ఒంగోలు ఆసుపత్రి వరండాలో డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండమ్మా," అన్నాడు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. చక్రపాణికి కూడా తెలుసు. సీతారావమ్మకు మాత్రం, నెమ్మదించింది కాబట్టి పంపిస్తున్నారని చెప్పింది. వాళ్ళ వైపు అదే పద్ధతి. దారిలో ఏం జరిగినా ఇల్లు చేరేదాకా కన్నతల్లికి చెప్పరు. ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు ఉంటారు, పట్టుకోవడానికి చేతులు ఉంటాయి. రోడ్డు మీద ఏముంటుంది? హైమవతి తండ్రి పోయినప్పుడు కూడా మేనమామలు అమ్మను ఇంటి గుమ్మం దాకా "సీరియస్‌గా ఉంది, అంతే," అంటూనే తీసుకొచ్చారు. ఇప్పుడు ఆ పని ఆమె మీద పడింది. తమ్ముణ్ణి ప్రాణంతో ఇంటికి చేర్చాలి. అది తన చేతిలో లేకపోతే, అమ్మకు దారిలో తెలియనివ్వకూడదు. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోవడం లేదు.

"పొదిలిలో ఆపాలి," అన్నాడు చక్రపాణి.

"ఎందుకు?"

"ఎందుకేంటక్కా, ఇవ్వాళ వేగసభ. మాట్లాడేవాళ్ళలో నీ పేరూ ఉంది, నా పేరూ ఉంది. నేను రాకపోతే భయపడి పారిపోయానంటావు."

"నేను వెళ్ళదలుచుకోలేదు."

"అయితే నువ్వు పారిపోయావని నేను చెప్పుకుంటా."

సీతారావమ్మ కల్పించుకుంది. "ఒక్క నిమిషం ఆపవే. ఆసుపత్రిలో కూడా అదే కలవరింత. చెప్పుకుంటే వాడి మనసన్నా తేలికపడుతుంది."

పొదిలి మార్కెట్ యార్డులో షామియానా కింద సభ జరుగుతోంది. బండిని షామియానా అంచు దాకా రానిచ్చారు. చక్రపాణి వడిబళ్ళ సంఘానికి అధ్యక్షుడు. ఒంటరిగా వేగంగా పోవడానికే తయారైన సన్నని కార్లను వడిబళ్ళు అంటారు. వాటిని తీర్చిదిద్దడమే అతని వృత్తి. అతన్ని చూడగానే సంఘం కుర్రాళ్ళు ఇరవై మంది దాకా బండి చుట్టూ మూగారు. వాళ్ళలో జిలాని అనేవాడు కిటికీలో తల పెట్టి, "గురువుగారూ, మీరొస్తారని పందెం కాశాను," అన్నాడు.

"ఎంత?"

"బిర్యానీ."

"నా వాటా మా అమ్మకు పంపించు. నాకు గంజి రాసిపెట్టారు."

సభ ముందున్న తీర్మానం ఒక్కటే. ఒంటివాటా రద్దు చేయాలి. అంటే బండిలో ఒక్కరే ఉన్నా సరే, ఇక మీదట అరవై దాటకూడదు. వేగం పెరిగిన కొద్దీ టైర్ల అరుగుదల దుమ్ము పెరుగుతోందని, ఆ దుమ్ము దారి పక్క చెరువుల్లో నల్లగా పేరుకుంటోందని ఒక పరిశోధకురాలు సీసాలు తెచ్చి చూపించింది. నూట నలభైలో పోయే బండికి ఎదురొచ్చే పిట్ట గుండె స్పందనరేఖకు వినబడుతుంది గాని, బండి తగ్గేలోగా పిట్ట తప్పుకోలేదని చెప్పింది.

తర్వాత ఓబులేసు అనే గొర్రెల కాపరి లేచాడు. "మీ వడిబండి ఒక్కటి అట్టా పోయిందంటే నా గొర్రెలు ఆ పూట మేత ముట్టవు సామీ. రయ్యిమని యాడికో పోతారు. యాడికి పోతారో నాకు ఇంతవరకూ అంతుబట్టలా. సాయంత్రానికి మళ్ళీ ఇక్కడే టీ తాగతా కనబడతారు."

సభ అంతా నవ్వింది. వడిబళ్ళ కుర్రాళ్ళే ఎక్కువ నవ్వారు.

చక్రపాణి వంతు వచ్చింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ చెప్పాడు. "ముందు ఒక మాట. నా రొమ్ములో ఉన్నది టైరు దుమ్మే. పరీక్షా మైదానంలో బతికినంత కాలం పీల్చాను. ఆ అమ్మాయి సీసాల పక్కన నన్నూ పెట్టుకోవచ్చు, రాసుకోండి." ఎవరూ నవ్వలేదు. "ఇక నా మాట. ఒంటరిగా పోయేవాడు తన ప్రాణం ఒక్కటే పణం పెడుతున్నాడు. అందుకే ఆ వాటా ఇచ్చారు. దోర్నాల వైపు నుంచి తెల్లవారుతుండగా ఎప్పుడైనా రండి. నూట నలభై అందుకునే చోట దగ్గరివన్నీ చెరిగిపోతాయి. చెట్లు లేవు, రాళ్ళు లేవు. దూరాన నల్లమల ఒక్కటే ఉంటుంది. అది కదలదు. మనమూ కదలడం లేదనిపిస్తుంది. అంత ప్రశాంతత నాకు ఇంకెక్కడా దొరకలేదు. గుడిలో కూడా."

"ఆ శాంతమేదో అరవైలో దొరకదా సామీ?" అన్నాడు ఓబులేసు.

"దొరుకుతుంది ఓబులేసన్నా. అప్పటికి నాకు నిద్రొస్తుంది."

ఈసారి ఓబులేసు కూడా నవ్వాడు.

సభాధ్యక్షురాలు మస్తానమ్మ హైమవతి పేరు పిలిచింది. హైమవతి బండి పక్కనే నిలబడి మాట్లాడింది. చెప్పాలనుకుని సిద్ధం చేసుకున్నవి ఇవి: వేగం కోసం భార్యాభర్తలు వేరువేరు బండ్లలో పెళ్ళిళ్ళకు పోతున్నారు, నలభై అయిదులో పోవాల్సి వస్తుందని ముసలివాళ్ళను ఎక్కించుకోవడం మానేస్తున్నారు, తన తరగతిలో పిల్లలు తల్లిదండ్రులతో కలిసి చేసిన ప్రయాణం గురించి రాయమంటే సగం మందికి రాయడానికేమీ లేకపోయింది. అవన్నీ చెప్పింది. తర్వాత సిద్ధం చేసుకోనిది కూడా ఒకటి చెప్పింది.

"ఒంటరిగా పోయేవాడు ఒక్క ప్రాణాన్నే పణం పెడుతున్నాడని మా తమ్ముడు అన్నాడు. స్పందనరేఖకు వినబడేది ఒక్కటే, నిజమే. వాడు వచ్చేదాకా ఇంట్లో అన్నం ముట్టకుండా కూర్చున్న వాళ్ళ గుండె దానికి వినబడదు. మనకు వినబడుతుంది. సభవారు దాన్ని కూడా లెక్కలో వేయాలని నా మనవి."

బండిలో నుంచి చక్రపాణి గొంతు వచ్చింది. "చూశారా, చివర్లో అమ్మను తెచ్చింది. చిన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. క్యారంబోర్డులో ఓడిపోయినా అంతే."

ఆ నవ్వుల మధ్యనే మస్తానమ్మ వేదిక దిగి వచ్చి, హైమవతిని షామియానా గుంజ పక్కకు తీసుకెళ్ళింది. "అమ్మా, ఇట్టాంటి ప్రయాణానికి సొంత బండి పెట్టుకున్నారేంది? తెల్లబండి మాట్లాడనా? అమ్మగారు కూడా ఉన్నారు కదా."

"వాడు ఒప్పుకోలేదండీ. పోతే నా బండిలోనే పోతానన్నాడు."

మస్తానమ్మ ఆమె చేయి పట్టుకుని వదిలేసింది.

ఆమె దేని గురించి అడిగిందో ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆసుపత్రి వాళ్ళ తెల్లబండ్లకు వాటాలతో పని లేదు. ఒకే వేగంతో పోతాయి. సొంత బండి అలా కాదు. అందులో ఒక గుండె ఆగిపోతే, స్పందనరేఖ కొద్దిసేపు చూసి, లెక్కలో ఒకటి తగ్గించుకుంటుంది. లెక్క తగ్గితే వాటా పెరుగుతుంది. బండి వేగం అందుకుంటుంది. పక్కన కూర్చుని, నిద్రపోయాడులే అనుకుంటున్న వాళ్ళకు సీటు వీపును నెట్టినప్పుడే తెలుస్తుంది. "వాళ్ళ నాన్నకు బండి అందుకుందంట" అని జనం అనడం మొదలై చాలా ఏళ్ళయింది. ఇల్లు చేరేదాకా చెప్పని మాటను రోడ్డు ముందే చెప్పేస్తోంది. సూత్రం రాసిన వాళ్ళు ప్రాణాలు కాపాడటం గురించే ఆలోచించారు. ప్రాణం పోయాక బండిలో మిగిలే వాళ్ళ గురించి ఆలోచించలేదు.

సభలో ఏదీ తేలలేదు. వాళ్ళు బయలుదేరే సమయానికి నిర్ణయం వచ్చే నెలకు వాయిదా వేశారు.

పొదిలి దాటాక దారి ఖాళీగా ఉంది. ఎండ వాలింది. రెండు వైపులా జామాయిల్ తోటలు, మధ్య మధ్య ఎర్రటి మెట్ట చేలు. సభ ముగిసి ఊళ్ళకు మళ్ళుతున్న బండ్లు ఒకటొకటిగా వీళ్ళను దాటిపోతున్నాయి. వెనక అద్దంలో ఇంకా చాలా కనిపిస్తున్నాయి.

"అక్కా," అన్నాడు చక్రపాణి. "ఇవ్వాళ ఎవరు గెలిచినట్టు?"

"వాయిదా పడింది కదరా."

"మంచిదే. నువ్వయితే గెలవలేదు."

"నీళ్ళు తాగుతావా అబ్బయ్యా?" అంది సీతారావమ్మ. చెంచాతో రెండు సార్లు పోసింది. ఒకటి గొంతు దిగింది. రెండోది పెదవి పక్క నుంచి కారింది. ఆమె కొంగుతో తుడిచింది.

"కొండ కనబడుతోందా?" అన్నాడతను.

పడమట నల్లమల నీలంగా, సన్నగా పరుచుకుని ఉంది. "కనబడుతోంది," అంది హైమవతి. అతను కళ్ళు తెరిచి చూశాడో లేదో ఆమెకు తెలియదు.

కొనకనమిట్ల దాటింది. హైమవతి వెనక్కి తిరగలేదు. ఆమె చూపు వాటాపలక మీదే ఉంది. అరవై. వెనక శ్వాస గరగరమంటోంది. ఆగుతోంది. మళ్ళీ వస్తోంది. అరవై. తన జీవితంలో ఏ అంకెనూ అంత భక్తిగా చూడలేదని ఆమెకు అనిపించింది. కంటికి కనిపించని ఒక తీగ నేల కింద ఉండి, తన తమ్ముడి గుండె ఇంకా కొట్టుకుంటోందని క్షణక్షణం ఆమెకు చెబుతోంది. అరవై అంటే ముగ్గురం ఉన్నామని. ఆ తీగను తయారు చేసిన వాళ్ళెవరో ఆమెకు తెలియదు. వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకుంది.

గరగర ఆగింది. మళ్ళీ రాలేదు.

ఆమె ఎదురు చూసింది. జామాయిల్ తోట ఒకటి పూర్తిగా వెనక్కి పోయింది. అంకె మారలేదు. మారదేమో అనుకుంది.

అరవై చెరిగిపోయింది. తొంభై వచ్చింది.

బండి మెత్తగా ముందుకు ఊగబోయింది. అప్పటికే హైమవతి చేయి తన సీటు పక్కనున్న నెమ్మదిచుట్టు మీద ఉంది. ఇచ్చిన వాటా కంటే తక్కువలో పోవాలనుకునే వాళ్ళ కోసం పెట్టిన చిన్న మర అది. ప్రతి బండిలో ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. ఆమె దాన్ని చప్పుడు కాకుండా వెనక్కి తిప్పింది. ఊపు అక్కడే ఆగిపోయింది. చీర కొంగు తీసి వాటాపలక మీద కప్పింది, ఎండ కళ్ళలో పడుతున్నట్టు. చక్రాల మోత ఏ శ్రుతిలో ఉండాలో చెవులకు బాగా తెలుసు. ఆ శ్రుతిలోనే పట్టి ఉంచింది. అరవై. ముగ్గురి వేగం.

"నిద్రపోయాడా అమ్మా?" అని అడిగింది. గొంతు ఎప్పటిలాగే వచ్చింది.

"ఆ. పోయాడు," అంది సీతారావమ్మ.

మార్కాపురం ఇంకా చాలా దూరం ఉంది. హైమవతి కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే చేయి పైకి లేస్తుంది, అమ్మ చూస్తుంది. నీళ్ళను అలాగే కారనిచ్చింది. ఒక చేయి చుట్టు మీద, ఒక చేయి కొంగు మీద.

కొంతసేపటికి ఆమెకు ఒక సంగతి స్పృహలోకి వచ్చింది. ఇందాకటి నుంచి ఒక్క బండి కూడా తమను దాటలేదు.

అద్దంలో చూసింది. ముందుగా జిలాని వడిబండి కనిపించింది. దాటడానికి పక్కకు వచ్చి, వీళ్ళ బండి వెనక వెలుగుతున్న అంకెను చూసి ఉంటాడు. తొంభై వాటా ఉన్న బండి అరవైలో పోతోంది. వాటా ఉండి వాడుకోని బండిని ఆ దారిలో ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు. పొదిలిలో ఆ బండిలో ఎంతమంది ఉన్నారో, ఇప్పుడు తొంభై ఎందుకు వెలుగుతోందో, ఎందుకు వద్దనుకుంటున్నారో ఆలోచించడానికి అతనికి ఎంతసేపు పట్టిందో తెలియదు. అతని బండి పక్క వరస వదిలి మెల్లగా వెనక్కి తగ్గింది. వీళ్ళ వెనక వరసలో చేరింది. దాని వెనక ఇంకొకటి వచ్చి చేరింది. దాని వెనక మరొకటి.

అవన్నీ ఒంటివాటా బండ్లు. ఒక్కో బండిలో ఒక్కో కుర్రాడు. రోడ్డు వాళ్ళకు నూట నలభై ఇస్తోంది. ఇవ్వడమే దాని పని. ఆగమని గాని, తగ్గమని గాని అది ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి దారిలో ప్రాణి ఏదీ అడ్డం లేదు. వాళ్ళంతట వాళ్ళే నెమ్మదిచుట్టు మీద చేతులు వేశారు. వడిబండిలో ఆ మరను ముట్టుకోవడం చేతగానితనమని వాళ్ళలో వాళ్ళు వెక్కిరించుకునేవాళ్ళు. ఇప్పుడు దాన్నే పట్టుకుని, దూరం దూరంగా, ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. ఎవరూ హారన్ కొట్టలేదు. సంఘంతో సంబంధం లేని బండ్లు కూడా వచ్చి కలుస్తున్నాయి. ఒక కూరగాయల బండి. పిల్లలతో ఉన్న కుటుంబం ఒకటి. దారి మలుపు తిరిగినప్పుడు ఆ వరస మొత్తం ఆమె కంట పడింది. జామాయిల్ తోటల మధ్య, వాలిన ఎండలో, కొన దొరకనంత పొడవు. ఎదురు వరసలో వచ్చే బండ్లు కూడా వీళ్ళను దాటేటప్పుడు నెమ్మదిస్తున్నాయి.

చేతికిచ్చిన వేగాన్ని మనుషులు వద్దనుకుంటారని ఆ తీగను నేలలో పరిచిన వాళ్ళు ఎవరూ ఊహించి ఉండరు. దారి కార్యాలయంలో ఎక్కడో ఒక యంత్రం ఈ సాయంత్రం ఇదేమిటో అర్థం కాక చూస్తూ ఉండి ఉంటుంది. హైమవతికి కూడా మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అద్దంలోకే చూస్తూ ఉండిపోయింది. పూర్వం శవయాత్ర వెళ్తుంటే జనం నడక ఆపి, చెప్పులు విడిచి నిలబడేవాళ్ళని ఆమె విని ఉంది. ఈ కుర్రాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

"అమ్మాయ్," అంది వెనక నుంచి సీతారావమ్మ.

హైమవతి అద్దంలో తల్లిని చూసింది. ఆమె వెనక్కి తిరిగి ఆ వరసను చూడటం లేదు. పలక మీది కొంగును చూడటం లేదు. కొడుకు ముఖాన్ని చూస్తోంది. ఎడమ చేతి వేళ్ళు అతని జుట్టు దువ్వుతున్నాయి. కుడి అరచేయి అతని రొమ్ము మీద పరిచి ఉంది. ఎప్పటి నుంచి అక్కడ ఉందో, ఆ చేతికి ఏ క్షణాన తెలిసిందో, తెలిసి కూతురి కోసం ఎంతసేపు ఊరుకుందో హైమవతి అడగలేకపోయింది.

"ఇంకాస్త నెమ్మదిగా పోనీవే," అంది సీతారావమ్మ. "వాడికి ఎప్పుడూ తొందరే."

హైమవతి పలక మీద నుంచి కొంగు తీసేసింది. చుట్టును ఇంకొంచెం తిప్పింది. వెనక ఒక్కో బండీ వేగం తగ్గించుకుంటూ వచ్చింది, కనుచూపు మేర, చివరి దాకా.